శాలువా కప్పించుకున్నాయన

"పంతులమ్మా, నీ పక్కన శాలువా కప్పించుకున్నాయన ఎవరు?" వేదిక దిగిన ద్వాలిని ఉప్పలమ్మ అడిగింది. బడిలో వంట చేసే ఉప్పలమ్మ, ద్వాలికి బహుమతి ఇస్తున్నారని విని అడవి దాటి మణుగూరు వచ్చింది.

"మన బడి సారే, పెద్దమ్మా. నన్ను బెస్ట్ ఇంటర్నుగ తయారుజేసిండని సన్మానం."

"మనకు సారున్నడా! మరి నువ్వో?"

"ట్రైనింగుకొచ్చినదాన్ని. ఇయ్యాల్టితో అయిపోయింది."

ఉప్పలమ్మ ముఖం విప్పారింది. "అయితే రేపటిసంది ఆయనొస్తడు. పోరగాళ్లు ఆగం కారు."

ద్వాలికీ ఆశ పుట్టింది. సారు దగ్గరికి రాగానే బడి తాళంచెవి ఆయనకివ్వబోయింది.

"నాకెందుకమ్మా? వచ్చే ఏడు నీ అసొంటి పిల్లనే పంపమని అడిగిన. అప్పటిదాకా ఆడ వంటామె ఎవరో ఉంటదట, ఆమెకిచ్చెయ్."

ఆయన ఎదురుగానే నిలబడ్డ ఉప్పలమ్మ చేయి చాపింది.