తలుపు కింది కార్డు

తాళాలు బాగుచేసే అతనికి బావమరిది మీద ఒళ్లు మండిపోతోంది. "షాపు కార్డులు అందరూ చేతికే ఇస్తారు బావా, మనం తలుపుల కింద నుంచి తోసేద్దాం. చీకటి పడ్డాకైతే వాచ్‌మన్ కూడా అడ్డుపడడు" అన్న మహానుభావుడు ఇంట్లో హాయిగా టీవీ చూస్తున్నాడు. లిఫ్టు లేని ఆ భవనంలో గుమ్మం గుమ్మానికీ వంగి వంగి ఇతని నడుము పడిపోయింది.

ఐదో అంతస్తులో, చివరి తలుపు కింద కార్డు తోశాడు. లేచేలోపే అది బయటికి వచ్చేసింది.

"అక్కర్లేదని నోటితో చెప్పొచ్చుగా!" అని విసుక్కుంటూ మళ్లీ తోశాడు. మళ్లీ వచ్చింది. ఈసారి మెల్లగా, నేల మీద రాసుకుంటున్న చప్పుడుతో.

చిర్రెత్తుకొచ్చి తలుపు బాదబోయి, ఆగిపోయాడు. బయట గడియకు తాళం వేసి ఉంది. తుప్పు పట్టి, తాళంచెవి దూరే కన్నం కూడా పూడుకుపోయింది. దాన్ని తీసి ఏళ్లయి ఉంటుంది.

జేబులో ఫోను మోగింది. బావమరిదే అనుకున్నాడు.

"నీకో దండం రా నాయనా, ఇక నావల్ల కాదు!"

"కార్డు మీద నంబరు చూసి చేశాను బాబూ" అందొక ముసలి గొంతు. అది ఫోనులోనూ, తలుపు వెనకా ఒకేసారి వినిపించింది. "ఆ కార్డు లోపల నాతో ఉన్నవాళ్ల కంట పడకూడదనే బయటికి తోసేస్తున్నాను. తాళం తీయమని ఎవరు పిలిచినా మీరు రాకండి."

అతను నోరు తెరిచేలోపు, కాళ్ల దగ్గరున్న కార్డును లోపలి నుంచి ఎవరో చప్పున లాక్కున్నారు.

"అయ్యో" అంది ముసలి గొంతు.