ఐదో పాదం

“పది నిమిషాలైంది. కండక్టరు గారి ఐసు ముక్క నాకే,” అంది కాలేజీ పిల్ల, ఒళ్లో నోటుబుక్కు సర్దుకుంటూ.

“ఉండవమ్మా, ప్రాస కుదరొద్దూ,” అన్నాడు మూడో కుర్చీలోని కండక్టరు.

డయాలిసిస్ గదిలో మంగళ, శుక్రవారాల్లో పొద్దున్నే నడిచే భాగోతం ఇది. ఎడమ చేతికి గొట్టాలు, పక్కన గిర్రున తిరిగే మిషను, నాలుగు గంటలు కదలడానికి లేదు. దాహమేస్తే తాగడానికీ లేదు. ఇంక చేసేదేముంది గనక? ఐదుగురూ కలిసి లిమరిక్కులు, అంటే ఐదు పాదాల సరదా పద్యాలు, కట్టడం మొదలుపెట్టారు. కుర్చీకొక పాదం. ఆలస్యం చేసినవాళ్లు సిస్టరమ్మ ఇచ్చే ఐసు ముక్క వదులుకోవాలి. నీళ్లు కొలిచి తాగే ఆ మనుషులకి ఐసు ముక్క వదులుకోవడమంటే మాటలు కాదు.

మొదటి కుర్చీ పోస్టుమాస్టరు తాతది. రెండోది టీచరమ్మది, నాలుగోది కాలేజీ పిల్లది. ఐదో కుర్చీలో ఉండే దర్జీ ఆర్నెల్ల కిందట కిడ్నీ మార్పిడికని పెద్దాసుపత్రికి వెళ్లాడు, ఇక ఈ గది మొహం చూడాల్సిన పని లేకపోయింది. అయినా ఆట ఆగలేదు. నాలుగు పాదాలూ పిల్ల అతని ఫోనుకి పంపుతుంది, ఐదోది అక్కణ్ణించి వస్తుంది. ఫోనెత్తి మాట్లాడడు, ఎవర్నీ కలవడు. ఆపరేషన్ అయినవాడికి జనం గాలి తగలకూడదట, గొంతు కూడా బొంగురుపోయిందట. ఆ కబురు అతని వీధిలోనే ఉండే కండక్టరు మోసుకొచ్చాడు.

ఇవాళ తాత ఎత్తుకున్నాడు: “మా వార్డులో బరువు మిషనొకటి ఉంది అనాదిగా.”

టీచరమ్మ అందుకుంది: “ఎక్కిన వాణ్ణల్లా చూస్తుంది ఎగాదిగా.”

“చెప్పులు తీశాం, చొక్కా తీశాం,” అన్నాడు ఎట్టకేలకి కండక్టరు. తన వంతు అయిపోగానే దుప్పటి తల మీదికి లాక్కుని కునుకు తీయడం అతని అలవాటు. ఎండాకాలమైనా అతనికి చలే.

“ఊపిరి కూడా బయటే వదిలేశాం,” అని పూర్తిచేసి పిల్ల ఫోను నొక్కింది.

కాసేపటికి జవాబొచ్చింది. పిల్ల చదివింది: “అయినా కిలో ఎక్కువే చూపింది నింపాదిగా.”

తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. “దీనికింతసేపా? వాడి బుర్ర అరిగిపోయింది,” అని దుప్పట్లోంచే సణిగాడు కండక్టరు. దర్జీ పాదం ఎంత బాగున్నా అతనికి వంకే.

టీచరమ్మ నవ్వలేదు. “అమ్మాయ్, అతన్ని ఇంకోటి అడుగు,” అంది. “రేపు నేను సంతకం పెట్టాలి. చెల్లెలు కిడ్నీ ఇస్తానంటోంది. డాక్టరమ్మ అన్నీ కుదిరాయి అంటోంది. దానికేమో ఇద్దరు చిన్నపిల్లలు. వారం నుంచీ కంటిమీద కునుకు లేదు నాకు. చేయించుకోమంటాడో వద్దంటాడో అడుగు. అనుభవించినవాడు అతనొక్కడే కదా. వద్దంటే మానేస్తాను.”

కండక్టరు దుప్పటి తీసి లేవబోయాడు. “వాణ్ణెందుకక్కా అడగడం? బట్టలు కుట్టుకునేవాడికేం తెలుసు? డాక్టరమ్మ చెప్పింది చాలదా?”

“డాక్టరమ్మ పడుకోలేదు కదయ్యా ఆ బల్ల మీద.”

“నేనొకటి చెప్తాను విను,” అన్నాడు కండక్టరు. అంతలో అతని చూపు పక్క కుర్చీ మీద పడింది.

పిల్ల మొహం వెలిగిపోతోంది. “దర్జీ మామయ్య చేయించుకోమనే అంటాడు, చూడండి,” అంది. ఆ పిల్ల పేరు కూడా కిడ్నీ కోసం రాసుకున్నవాళ్ల జాబితాలో ఉంది. “మామయ్య బతికి బట్టకట్టాడు గదా, మనకీ అవుతుందిలే, అని రోజూ మా అమ్మకి చెప్తుంటాను.”

“ఏం లేదులే,” అని కండక్టరు మళ్లీ దుప్పటి కప్పేసుకున్నాడు.

పిల్ల సందేశం పంపింది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై అయ్యాయి. ఐసు ముక్కలొచ్చాయి, కరిగిపోయాయి, ఎవరూ ముట్టుకోలేదు. టీచరమ్మ కళ్లు పిల్ల చేతిలోని ఫోనుకే అతుక్కుపోయాయి. అవుననీ కాదనీ తనంతట తాను అనలేక, ఎవరో ఒకరు అనేస్తే బాగుండునని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

చివరికి ఫోను మోగింది. పిల్ల మెల్లగా చదివింది: “అక్కా, నా కొలతలకి కుట్టిన చొక్కా నీకు సరిపోదు. నన్ను చూసి చేయించుకోకు, నన్ను చూసి మానుకోకు. నీ కొలతలు తీసింది డాక్టరమ్మ, ఆవిడ మాటే విను. భయమేస్తే వేయనీ. అందరికీ వేస్తుంది.”

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. “అవును. ఎవరి కొలతలు వాళ్లవి. రేపు సంతకం పెడతాను,” అంది. ఆమె భుజాల మీది బరువు దిగడం తాతకి కూడా కనిపించింది.

అప్పుడే మూడో మిషను కీచుమని అరవడం మొదలుపెట్టింది.

“గొట్టాలున్న చెయ్యి కదిపారా ఏంటి,” అంటూ సిస్టరమ్మ పరుగున వచ్చింది. మిషను నోరు నొక్కి, ఎడమ చెయ్యి సరిచేయడానికి దుప్పటి అంచు ఎత్తింది. లోపల కండక్టరు పళ్లు బిగించి, చప్పుడు బయటికి రాకుండా ఏడుస్తున్నాడు. ఆమె ఎవరికీ కనబడకుండా దుప్పటి మళ్లీ అతని తల మీదిదాకా కప్పింది.

ఆపరేషన్ బల్ల మీదే పోయిన దర్జీ ఫోను అతని కుడి గుప్పిట్లో ఇంకా వెలుగుతోంది.