తొమ్మిదిమంది దేవుళ్లకు ఒక్క ఓటు

“అంకుల్, వంటోళ్లు వెనక గేటుకెళ్లి రావాలె.”

హనుమకొండలోని ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర స్రవంతి చెయ్యి అడ్డం పెట్టింది.

“నేను వంటకు రాలే బిడ్డా. దేవుళ్ల ముచ్చట చెప్పెటందుకు వచ్చిన.”

అతనికి యాభై దాటి ఉంటాయి. పేరు కొమురెల్లి, ఊరు వర్ధన్నపేట. స్రవంతి నమ్మీ నమ్మనట్టుగానే ఫోన్ నంబరుతో సహా రిజిస్టర్లో రాసుకుంది.

లోపల రెండు వందలమంది. అందరూ కాలేజీ వయసువాళ్లే. అందరికీ ‘నిప్పుకోట’ అనే ఫోన్ గేమ్ పిచ్చి.

మండుతున్న తొమ్మిది కోటలు, కోటకొక దేవుడు. ఆ దేవుళ్లు ఎక్కడి నుంచి పుట్టారో గేమ్ తయారుచేసినవాళ్లు ఇంకా చెప్పలేదు. చివరి భాగం నెల రోజుల్లో రాబోతోంది. ఈలోగా ఎవరి ఊహ వాళ్లు చెప్పాలి, మిగతావాళ్లు చేతులెత్తి ఓటు వెయ్యాలి. అదీ ఆనాటి సభ.

మొదట భానుచందర్ మైకు అందుకున్నాడు. సభ పెట్టింది అతనే. అతని యూట్యూబ్ ఛానల్‌ను లక్షమంది చూస్తారు.

“రాలిపడ్డ చుక్కలల్ల నుంచి పుట్టిన్రు ఈ దేవుళ్లు! వాళ్ల ఒంటి మీద గీతలు చూడున్రి. అవి ఆకాశం మ్యాపు!”

హాలు హోరెత్తింది. నూట ఎనభై చేతులు లేచాయి.

ఇంకో ముగ్గురి తర్వాత కొమురెల్లి వేదిక ఎక్కాడు. నాలుగు మెట్లకే ఆయాసం వచ్చింది. కాసేపు ఆగి, మైకు పట్టుకున్నాడు.

“దేవుళ్లు చుక్కలకెళ్లి రాలే. వాళ్లు కూలోళ్లు.”

హాలంతా గొల్లున నవ్వింది.

“ఆ కోటలల్ల పనిచేసేటోళ్లు. మంటలంటుకుంటే అందరు బయటికి ఉరికిన్రు. ఈ తొమ్మిదిమంది మల్ల లోపలికి వోయిన్రు, చిక్కుకున్నోళ్ల కోసం. గట్ల వోయినోళ్లే దేవుళ్లయిన్రు.”

“అంకుల్, మీరు ఎన్ని కోటలు దాటిన్రు?” భానుచందర్ కన్ను గీటుతూ అడిగాడు.

“తొమ్మిది.”

నవ్వు తగ్గింది. తొమ్మిదో కోట దాటినవాళ్లు ఆ హాల్లో ముగ్గురే. భానుచందర్ ఎనిమిదో దాని దగ్గరే ఆగిపోయాడు.

“సరే. ప్రూఫ్ ఏది?”

“నువ్వు మ్యాపు అంటున్నవే, అవి కాలిన మచ్చలు. రొమ్ము మీద, చేతుల మీద ఉన్నయి. వీపు మీద ఒక్కటి లేదు. పారిపోయేటోనికి వీపు కాలుతది తమ్మీ. ఎదురువోయినోనికే ముందట కాలుతది.”

“అది డిజైన్ అంకుల్. మీకు సమజ్ కాదు. టైమ్ అయింది, దిగున్రి.”

మైకు కట్టేశారు.

కొమురెల్లి కదల్లేదు.

“ఓటు పెట్టు.”

“మీకెవలేస్తరు?”

“అందరికి పెట్టినవ్. నాకు గూడ పెట్టు.”

భానుచందర్ విసుగ్గా హాలు వైపు తిరిగాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. స్రవంతికి ఎత్తాలనిపించింది. చుట్టూ చూసి ఊరుకుంది.

కొమురెల్లి తన చెయ్యి తానే ఎత్తాడు.

“రాసుకో బిడ్డా. ఒక్కటి.”

“సిగ్గు లేదా అంకుల్, మీకు మీరే ఏసుకుంటున్రా?” వెనక నుంచి ఎవరో అరిచారు.

“ఎందుకు సిగ్గు? నిజమనుకున్నదానికే ఏసుకున్న.”

ఆయన చెప్పిందీ, ఆ ఒక్క ఓటూ స్రవంతి రిజిస్టర్లో రాసింది. వచ్చినవాళ్లందరికీ ఇచ్చే టీషర్టు కూడా తీసుకోకుండా అతను బస్టాండు దారి పట్టాడు.

నెల తర్వాత చివరి భాగం విడుదలైంది.

దేవుళ్లు కూలీలే. మంటల్లోకి తిరిగి వెళ్లిన తొమ్మిదిమంది కూలీలు.

ఆ సాయంత్రమే భానుచందర్ వీడియో పెట్టాడు: ‘నేను ముందే చెప్పాను.’

స్రవంతి అతనికి ఫోన్ చేసింది.

“చెప్పింది కొమురెల్లి అంకుల్ గదా అన్నా?”

“ఆయన ఎవలికి యాదికున్నడు? లైట్ తీసుకో.”

“నేను తీసుకోను. రిజిస్టర్ నా దగ్గరున్నది. ఆయనతోనే చెప్పిస్త, లక్షమంది ముంగట.”

కొమురెల్లి నంబరు స్విచాఫ్ వచ్చింది. మర్నాడు పొద్దున్నే స్రవంతి వర్ధన్నపేట బస్సెక్కింది.

ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద కూర్చున్న మొగిలమ్మ తలెత్తి చూసింది.

“కొమురెల్లి అన్న పోయి పదకొండు దినాలైంది బిడ్డా. ఊపిరి అందలే.”

స్రవంతి అరుగు మీద ఆమె పక్కన కూర్చుంది. సభలో జరిగినదంతా చెప్పింది. తాను చెయ్యి ఎత్తలేదన్న సంగతి కూడా దాచలేదు.

“అయితే మా అన్న గెలిచిండా?”

“గెలిచిండు. ఎవలికి తెల్వంది ఆయనకెట్ల తెలిసిందమ్మా?”

మొగిలమ్మ తాళం వేసిన తలుపు వైపు చూసింది. కొంగుతో కళ్లొత్తుకుంది.

“రెండేండ్ల కింద మేం పనిచేసే పత్తి గోదాం అంటుకున్నది. ఆయన అందరికన్న ముందే బయటపడ్డడు. మల్ల లోపలికి వోయి ఒకలిని తెచ్చిండు. ఇంకోసారి వోయి ఇంకొకలిని తెచ్చిండు. దాని తర్వాత ఆర్నెల్లు దవాఖానల పండుకున్నడు. ఫోన్ల ఆట అక్కడనే నేర్చిండు.”

“ఆ ఇద్దరు ఇప్పుడెక్కడున్నరు?”

“ఇద్దరు గాదు బిడ్డా,” అంది మొగిలమ్మ, “మూడోసారి నా కోసం వచ్చిండు.”