కిందింటాయన

"అమ్మా, చాలు. ఇక నడవకు, కూర్చో."

ముసలావిడ మంచం మీద కూర్చుంది. ఇల్లంతా సద్దుమణిగింది.

కాసేపటికి కింది ఇంట్లోంచి ఎవరో కర్రతో పైకప్పుకేసి కొట్టారు.

టక్. టక్. టక్.

తల్లి తన చేతికర్ర అందుకోబోతే కొడుకు గబుక్కున లాగేసుకున్నాడు.

"ముట్టుకోకు! ఇప్పటిదాకా నువ్వు నడిచిందంతా విన్నాడు."

అతను కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. యాభై దగ్గరపడ్డాక దేశం కాని దేశం వచ్చాడు. అసలే పిరికి, పైగా పరాయి చోటు. ప్రతి మాటకీ చివర "జాగ్రత్త" అంటాడని భార్య అతనికి ఆ పేరే ఖాయం చేసింది.

ఈసారి మాత్రం జాగ్రత్త భయానికి కారణం ఉంది. ఇంట్లో ఉండేది ఇద్దరేనని యజమానికి మాటిచ్చి అద్దెకి దిగారు. ఆ తర్వాత తల్లిని తెచ్చుకున్నారు. చెబితే పొమ్మంటాడేమోనని గుట్టుగా ఉంచారు. పోతే ఎక్కడికి పోతారు? ఈ ఇల్లు దొరకడానికే తాతలు దిగొచ్చారు.

కిందింటాయన ఒంటరి మనిషి. పొడుగ్గా, మాసిన గడ్డంతో ఉంటాడు. నవ్వగా ఎవరూ చూడలేదు. ఒకసారి మెట్ల దగ్గర జాగ్రత్తని ఆపాడు.

"పైన మీరు ముగ్గురు కదా?"

"లే... లేదండీ. ఇద్దరమే."

ఆయన కాసేపు కళ్లలోకి చూసి, తలాడించి లోపలికి వెళ్లిపోయాడు.

జాగ్రత్త పైకొచ్చి భార్యని పక్కకి పిలిచాడు.

"లెక్కపెట్టేశాడే! ఇవాళో రేపో యజమాని చెవిలో ఊదేస్తాడు."

"వెళ్లి ఒక్క మాట మాట్లాడితే పోదూ? మనిషేగా, పులి కాదుగా" అంది భార్య.

"కొరివితో తల గోక్కోమంటావా?"

గదుల్లో మందపాటి తివాచీలు పరిచారు. తల్లి కాళ్లకి ఉన్ని మేజోళ్లు తొడిగారు. రోజూ భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లేటప్పుడు జాగ్రత్త తల్లికి అప్పగింతలు పెట్టేవాడు.

"తలుపు తీయకు. ఎవరితోనూ మాట్లాడకు. ఊరికే తిరక్కు. జాగ్రత్త."

ఆవిడ బుద్ధిగా తలూపేది.

విచిత్రమేమిటంటే, ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటే కింద నుంచి కొట్టడం అంత ఎక్కువైంది. సెలవు రోజుల్లో మరీను.

"ఊపిరి పీల్చినా వినపడుతున్నట్టుంది. అవి చెవులా, చేటలా?" అంది భార్య.

"పగబట్టాడు. ఇల్లు కొనేద్దాం" అన్నాడు జాగ్రత్త.

"ఈ వయసులోనా? అప్పు తీరేసరికి మీకు డెబ్భై వస్తాయి. ఆ చూపుతో అప్పటిదాకా అద్దాలు బిగిస్తారా? ఇంకో అద్దిల్లు చూసుకుందాం."

"అక్కడా కింద ఇంకొకడు ఉంటాడు. రోజూ చచ్చి బతకడం నా వల్ల కాదు."

ఊరి చివర ఇల్లు దొరికింది. చుట్టూ ప్రహరీ, పక్కిల్లు కాస్త దూరం. జాగ్రత్త అప్పు కాగితాలు రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. పెట్టేశాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఇల్లు ఖాళీ చేసి సామాను కిందకి దించుతున్న రోజున కిందింటాయన తన గుమ్మంలో నిలబడ్డాడు. ముసలావిడని చూసి ఏదో చెప్పబోయాడు. జాగ్రత్త మొహం తిప్పుకుని, తల్లి రెక్క పట్టుకుని కారెక్కించాడు. కారు మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి చూస్తూనే ఉంది.

కొత్తింట్లో ఆవిడ అడిగిన మొదటి మాట ఒకటే.

"ఇక్కడ కింద ఎవరుంటార్రా?"

"ఎవరూ ఉండరమ్మా, నేలే! ఇక నీ ఇష్టం వచ్చినట్టు నడువు."



నెల తిరక్కుండానే ఒక సాయంత్రం జాగ్రత్త భార్య కన్నా ముందు ఇంటికొచ్చేసరికి దీపం వెలిగించి లేదు.

"అమ్మా!"

పలుకు లేదు. తడుముకుంటూ దీపం వేశాడు. వంటగది గుమ్మం దగ్గర తల్లి నేల మీద పడి ఉంది. ఒళ్లు చల్లబడింది, ఊపిరి మాత్రం ఆడుతోంది. చేతిలో కర్ర అలాగే ఉంది. పొద్దున పోసి వెళ్లిన పాలు పోసినట్టే ఉన్నాయి.

ఆస్పత్రిలో డాక్టరు మొహమాటపడలేదు.

"తుంటి ఎముక విరిగింది. వెంటనే తెచ్చుంటే సరిపోయేది. రోజంతా అలా పడి ఉన్నారు. ఆపరేషన్‌కి ఇప్పుడు తట్టుకుంటారో లేదో చెప్పలేను."

జాగ్రత్త తల్లి మంచం పక్కన కూలబడ్డాడు. తల్లి పోతుందేమోనన్న భయం ముందు ఇన్నాళ్ల భయాలన్నీ దిగదుడుపే అనిపించింది.

ఆవిడ మెల్లగా కళ్లు తెరిచింది.

"పొద్దుట్నుంచీ కర్రతో నేలకేసి కొడుతూనే ఉన్నానురా."

"ఎందుకమ్మా?"

"అలవాటు. అక్కడ మీరు పనికి వెళ్లాక కిందాయన కొడితే నేను తిరిగి కొట్టేదాన్ని. ఓసారి కునుకు పట్టి కొట్టలేదు. పరుగెత్తుకొచ్చి తలుపు బాదాడు. నేను తీశాక గుమ్మంలోనే చతికిలబడ్డాడు పాపం. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకి రాదు."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"తలుపు తీయొద్దన్నావుగా. తీశానంటే కోప్పడతావని."



"నువ్వు నడిస్తే చప్పుడవుతోందనే కదమ్మా ఆయన కొట్టింది?"

తల్లి కొడుకు వైపు జాలిగా చూసింది.

"నడుస్తున్నంతసేపూ ఏనాడైనా కొట్టాడురా? నా అడుగులు వినపడ్డం ఆగిపోతేనే కొట్టేవాడు."