వారానికో పెట్టె

"విడిగా అమ్మను. కొంటే పెట్టె మొత్తం కొను. లేదంటే పక్కకు జరుగు," అన్నాడు తుపాకీల కొట్టు గ్రేడీ.

మార్వా కౌంటరు ముందు నుంచి కదల్లేదు.

"వెయ్యి ప్రైమర్లు నేనేం చేసుకోను? నాకు వంద చాలు. ఒక్క అట్ట."

"పెట్టె నూట ఇరవై డాలర్లు. మనిషికి ఒకటే."

ఆమె పర్సులో అంత లేదు. ఉన్నది కిరాణాకు.

మార్వా కుటుంబం మిస్సోరీ నుంచి మోంటానాకు మారి ఎంతో కాలం కాలేదు. ఆమెకు కర్రమిల్లులో పని. భర్త రస్ నడుము దెబ్బతిని ఇంట్లో పడి ఉన్నాడు. శనివారం నుంచి ఎల్క్ దుప్పుల వేట. ఆమెకు దొరికిన పర్మిట్ ఒక్క వారానికే. ఒక్క ఎల్క్ పడితే ఫ్రీజరు నిండుతుంది, చలికాలం గడుస్తుంది. పడకపోతే పిల్లలకు పూటపూటా ఉడికించిన బీన్సే.

ఆమెది నాన్న వాడిన పాత తుపాకీ. దానికి సరిపడే తూటాలు కొట్లో తయారుగా దొరకవు. పేలిన ఇత్తడి గొట్టాలు దాచుకుని, మళ్లీ మందు నింపి, తానే చేసుకోవాలి. ఇల్లు మారేటప్పుడు సామాన్ల లారీవాడు మందూ ప్రైమర్లూ ఎక్కించనన్నాడు. పక్కింటివాడికి ఇచ్చేసి వచ్చింది. ఇక్కడ మందు డబ్బా ఎలాగో కొంది. గొట్టం అడుగున కూర్చుని నిప్పు పుట్టించే ఆ చిన్న ప్రైమరు దగ్గరే పని ఆగిపోయింది.

వరుసలోంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. మాసిన కోటు, చెవులు కప్పే టోపీ. డబ్బు కౌంటరు మీద పెట్టాడు.

"ఎప్పటిదే, గ్రేడీ. పెద్ద సైజువి."

"ఇదే ఆఖరి పెట్టె, ఓరిన్. మళ్లీ సరుకు క్రిస్మస్ తర్వాతే."

మార్వా చెవులకు 'ఎప్పటిదే' అన్న మాట ఒక్కటే అందింది.

"ఈయన ఎప్పుడూ కొంటాడా?"

"వారానికొకటి. మనిషికి ఒకటే అన్నాను గానీ, వారం వారం రావద్దనలేదుగా," అన్నాడు గ్రేడీ.

ముసలాయన ఆమె వైపు తిరిగాడు.

"కొత్తగా వచ్చావా, అమ్మాయ్? నీకు కావలసినవి పెద్దవా, చిన్నవా?"

"ఎందుకు? రెట్టింపు రేటుకి నాకే అమ్ముదామనా?"

ఆయన నోరు తెరిచాడు. గ్రేడీ వైపు చూసి మూసుకున్నాడు.

"చూశారా, మాట్లాడడు!" మార్వా గొంతు పెంచింది. "ఇలాంటివాళ్లు ఇంట్లో కుప్పలు పోసుకోబట్టే మనకు ఈ గతి!"

వరుసలో ఒకడు నవ్వాడు. "శవపెట్టెలో పరుపుకు బదులు అవే పరిపించుకుంటాడులే!"

ఇంకొకడు గొణిగాడు. మరొకడు వంత పాడాడు. గ్రేడీకి బేరాలు ముఖ్యం.

"ఇక చాలు, ఓరిన్. ఈ సీజనుకు నీకు లేదు."

డబ్బు వెనక్కి తోసి, పెట్టె కౌంటరు కింద పెట్టేశాడు.

ముసలాయన డబ్బు జేబులో పెట్టుకున్నాడు. మార్వా వైపు చూసి మర్యాదగా టోపీ అంచు తాకి బయటికి నడిచాడు. ఆమె మొహం తిప్పుకుంది.

తనకు దక్కలేదు. ఆయనకూ దక్కలేదు. ఆ తృప్తితోనే ఇల్లు చేరింది.

మర్నాడు మిల్లులో అన్నాల వేళ తనతో పనిచేసే ఐడా అడిగింది. ఐడాది ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన ప్రాణం.

"మొహం అలా వేలాడేశావేం, పిల్లా?"

మార్వా పెట్టె ధర చెప్పింది. కొట్లో గొడవ చెప్పలేదు.

"అసలు గ్రేడీ దగ్గరికి ఎవరు పొమ్మన్నారు నిన్ను? గురువారం సాయంత్రం రైతుల హాల్లో తలా ఒక వంట తెచ్చుకునే భోజనాలు. వంటగది పక్కన నా బల్ల ఉంటుంది. అట్ట పది డాలర్లు. కొత్తగా వచ్చినవాళ్లకే ముందు."

"పదా? నిజంగా?"

"అదీ లేకపోతే ఉన్నంత డబ్బాలో వెయ్యి. గ్రేడీ చెవిన మాత్రం పడనీకు. ఒక్క పెట్టె పదిమందికి పంచుతున్నామని తెలిస్తే ఆ పీనాసి మనకు ఇంకొకటి అమ్మడు."

పన్నెండు పడే అట్ట పదికిస్తే ఆ తేడా ఎవరు భరిస్తున్నారో మార్వా అడగలేదు. చవకగా దొరికేదాన్ని ఎవరూ ఆరా తీయరు.

గురువారం బీన్సు కూర గిన్నెతో హాలుకు వెళ్లింది. ఐడా బల్ల మీద కాఫీ డబ్బా తప్ప ఏమీ లేదు.

"లేవు, పిల్లా. ఉన్నవి పోయిన వారమే అయిపోయాయి. ఈ వారం పెట్టె రాలేదు."

"ఏమైంది?"

"ఎవత్తో కొట్లో నానా యాగీ చేసిందట. మనకు తన డబ్బుతో పెట్టె తెచ్చిపెట్టే ఓరిన్‌కు గ్రేడీ అమ్మనన్నాడు. ఆ పెట్టె బయటూరి వేటగాడెవడో ఎత్తుకుపోయాడు. ఎవరో కొత్తమ్మాయికి అవసరమంటూ ఓరిన్ పక్క ఊళ్లు కూడా తిరిగొచ్చాడు, పాపం. ఎక్కడా దొరకలేదు."

గిన్నె ఇంకా మార్వా చేతిలోనే ఉంది.

"ఆ మాట ఆయన కొట్లోనే చెప్పొచ్చుగా?"

"గ్రేడీ ఎదురుగానా? బాగుంది! చెబితే ఇంకెప్పటికీ ఎవరికీ దొరకవు."

"మరి... ఆయన వేటకు?"

"ఓరిన్‌కు వేటేమిటి, పిల్లా? చెయ్యి వణకడం మొదలైన ఏడాదే, ఉన్న ఒక్క తుపాకీనీ కొత్తగా వచ్చినవాళ్లెవరికో ఇచ్చేశాడు."