పందెంలో జాగ్రత్తలు

"బంద్ జెయ్యిరా ఆ దరిద్రాన్ని!"

అంజన్న అరిచిన అరుపుకు పక్క మంచాల మీద నడుం వాల్చినవాళ్లు కూడా తలలెత్తారు. భూమేష్ మాత్రం ఎత్తలేదు. ఫోన్లో ఒకవైపు క్రికెట్ మ్యాచ్ నడుస్తోంది, ఇంకోవైపు పందెం యాప్‌లో అంకెలు మారుతున్నాయి. కోడిపిల్ల గింజలు ఏరినట్టు వాడి బొటనవేలు వాటిని పొడుస్తోంది.

"ఒక్క ఓవర్ అన్నా. గిదైతే ఇగ బంద్."

"నిన్న గూడ గదే అంటివి."

సౌదీ అరేబియాలో, యాన్బులోని ఆ లేబర్ క్యాంపులో అంజన్న కంటికి ఎవరూ ఆనరు. సిగరెట్ తాగేవాడు వెధవ, తాగనివాడు పిసినారి, నవ్వేవాడికి బుద్ధి లేదు, నవ్వనివాడికి పొగరు. ఇక జూదగాడంటే మనిషి కింద లెక్కే కాదు, బొద్దింకను చూసినట్టు చెప్పు కోసం వెతుక్కుంటాడు. అలాంటిది ఇప్పుడు తననూ భూమేష్‌నూ ఒకే వరసలో నిలబెట్టారు. సౌదీవాళ్లకు ఇవ్వాల్సినన్ని ఉద్యోగాలు ఇవ్వక వీళ్ల కంపెనీ సర్కారు లెక్కలో రెడ్‌లో పడింది, అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కావడం మానేశాయి. గ్రీన్‌లో ఉన్న ఇంకో కంపెనీ ఈ క్యాంపు నుంచి ఒక్క పైపు ఫిట్టర్ని తీసుకుంటానంది. ఉన్న పైపు ఫిట్టర్లు ఈ ఇద్దరే. ఒకడు కొత్త కంపెనీకి, ఒకడు ఇంటికి. ఎవరు ఎటన్నది ఇంకా తేలలేదు.

"సిగ్గు లేదురా? గీ దేశంల జూదమాడితే ఏం జేస్తరో ఎర్కేనా? జైల్ల ఏసి, అటుకెల్లి అటే ఇంటికి తోల్తరు. మల్ల జన్మల రానియ్యరు."

"ఎర్కే అన్నా. గందుకే జాగ్రత్తగ ఆడుతున్న."

అంజన్నకు నవ్వాగలేదు. "ఇన్నరా? జూదంల జాగ్రత్తలట!"

"యాపే చెప్తది అన్నా. అనుకున్నదాని కన్న ఎక్వ పెట్టద్దు, పోయినదాని ఎంట పడద్దు, కోపంల ఆడద్దు, ఓటీపీ ఎవలకు జెప్పద్దు." భూమేష్ పంతులు ముందు పాఠం అప్పజెప్పినంత బుద్ధిగా చెప్పాడు. "నాదొకటి గూడ కలిపిన. నా పేరు యాడ పెట్టద్దని. ఏదైనా ఉత్త నంబర్ మీదనే."

"థూ! పేరు పెట్టినా పెట్టకున్నా నువ్వు లంగవే." అంజన్న లేచి నిలబడ్డాడు. తను చేసిన మేళ్లు ఏకరువు పెట్టడమంటే ఆయనకు బిర్యానీ తిన్నంత సంబరం. "నీకేం తక్వ జేసిన్రా? మా ఇంటికెల్లి వచ్చిన మామిడికాయ తొక్కు వెట్టిన. సలి వెడితే నా దుప్పటిచ్చిన. ఇకామా అయిపోయి సిమ్ము దొరకకపోతే నేనే ఎంబడొచ్చి ఇప్పిచ్చిన. జరమొస్తే గంజి గాసి పోసిన. గిదేనా నువ్వు జేసేది?"

"నీ మేలు మర్వనన్నా," అంటూ భూమేష్ మళ్లీ ఫోన్లోకి దిగిపోయాడు. వికెట్ పడ్డట్టుంది, పళ్లికిలించాడు.

ఆ ఇకిలింపు అంజన్నకు నషాళానికి ఎక్కింది. చెప్పులేసుకుని తిన్నగా క్యాంపు ఆఫీసుకు నడిచాడు. అక్కడ కార్మికుల వ్యవహారాలు చూసేది కడప మనిషి అబ్దుల్ ఘనీ.

"భాయ్, మా రూముల ఒకడు ఫోన్ల జూదమాడుతుండు."

ఘనీ తాగుతున్న టీ పక్కన పెట్టాడు. "ఇట్లాంటివి నా చెవిన వెయ్యొద్దప్పా. విన్నాక నేను సెక్యూరిటీ వాళ్లకు చెప్పాల్సిందే. చెప్పినాక నా చేతుల్లో ఏమీ ఉండదు. నువ్వే మందలించుకో పో."

"మందలిచ్చుడైంది. అసొంటోడు కొత్త కంపెనీకి పోతే మన ఇజ్జతే పోతది గద భాయ్."

ఘనీ ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఓహో, భూమేష్ సంగతా? కొత్త కంపెనీకి నీ పేరే రాసినాను. రేపు సంతకం పెడితే అయిపోతాది. వాడు ఎట్లాగూ ఇంటికి పోతా ఉండాడు. ఇంకెందుకప్పా ఈ రచ్చ?"

ఆ మాటతో ఎవరైనా దండం పెట్టి వెనక్కి తిరుగుతారు. అంజన్న తిరగలేదు. జూదగాడు కూడా మర్యాదగా విమానం ఎక్కడమేమిటని ఆయన కడుపు రగిలిపోయింది.

"ఊకెనే ఎట్ల పోతడు భాయ్? జైలు జూసి పోవాలె. గప్పుడే బుద్ధొస్తది."

"నీ ఇష్టం. వాళ్లు పేరు అడగరు, నంబరు అడుగుతారు."

అంజన్న తన ఫోన్ తీసి, 'లంగ' అని దాచుకున్న నంబరును ఒత్తి ఒత్తి చదివాడు. తప్పు పడకూడదని ఘనీ చేత తిరిగి చదివించుకున్నాడు కూడా. ఘనీ సెక్యూరిటీ వాళ్లకు ఫోన్ చేసి ఆ నంబరును అరబ్బీలో చెప్పాడు. అంజన్న కుర్చీలో కాళ్లు బారజాపి, కొత్త కంపెనీలో భోజనం ఎలా ఉంటుందో, ఏసీ గదులో కావో అడగసాగాడు.

కాసేపటికి ఘనీ ఫోన్ మోగింది. "ఐవా... ఐవా..." అంటూ విన్నాడు. మళ్లీ చెప్పమని అడిగి మరీ విన్నాడు. ముఖం రంగు మారింది.

"దొరికిండా భాయ్?"

"దొరికినాడు. బండి వస్తా ఉండాది."

అంజన్న గబుక్కున లేచాడు. "ఆళ్లకు రూము దొరకదేమో, నేను సూపెడ్త."

"రూముకు పొయ్యే పని లేదులే." ఘనీ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఫోను ఎవురి చేతిలో ఉండాదో వాళ్లకు అక్కర లేదంట. ఆ సిమ్ము తీసుకునేటప్పుడు అంగట్లో మిషన్ మీద ఎవురు వేలు పెట్టినారో వాడే ఆడినట్టు లెక్కంట. కూర్చో అంజన్నా, ఆ వేలు నీదేనంట."