మాటలు తేటగా వినిపించే పెట్టె

"కొట్లో నాలుగు రకాలు విని మరీ తెచ్చానత్తయ్యా. దీంట్లో మాటలు తేటగా వినిపిస్తాయి," అంటూ మా కోడలు పొడుగాటి సౌండ్‌బార్‌ను టీవీ ముందు పెట్టి, వెనక కేబుల్ గుచ్చింది.

"నా చెవులకేం రోగమని?"

"మీ చెవులు బంగారమే. వీధి చివరివాళ్ల చెవులే పగులుతున్నాయి."

నా చేతిలోని రిమోట్ లాక్కుని, ఇన్నాళ్లూ ఇల్లదిరేలా పెట్టుకున్న సౌండ్‌ను అడుగంటా తగ్గించింది. మాటల కోసమే ఉన్న బటన్ ఏదో నొక్కింది. వార్తలు చదివే అమ్మాయి నా పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"దరిద్రంగా ఉంది. తిరిగిచ్చెయ్."

"ఇవ్వను. సౌండ్ పెరక్కుండా లాక్ కూడా పెట్టాను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

విసురుగా వంటింట్లోకి, మొగుడి దగ్గరికి వెళ్లిపోయింది.

నావి పాముచెవులు. టీవీ హోరెత్తిస్తే ఆ ఆలుమగలు వంటింట్లో గొంతు చించుకుని మాట్లాడుకోవలసి వచ్చేది. నా పేరున ఉన్న ఈ ఇంటిని బేరం పెట్టారనీ, కొనేవాడు దొరికాడనీ నాకు అలాగే తెలిసింది. నా చేత సంతకం ఎలా పెట్టించాలా అన్న దగ్గర నిన్న కరెంటు పోయి, వాళ్ల మాట ఆగిపోయింది.

ఇవాళ వంటింట్లోంచి గుసగుసలే వస్తున్నాయి. ఎంత చెవి ఒగ్గినా ఒక్క ముక్క అందలేదు. ఇక లాభం లేదని కూర్చున్న చోటి నుంచే కేకేశాను.

"కాస్త గట్టిగా మాట్లాడుకోండర్రా! సంతకం పెట్టాల్సిన మనిషికి వినపడొద్దూ?"